కృష్ణానగర్‌లో మైకు ఉట్టి

హైదరాబాద్‌లో సినిమా చూడాలంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌కి వెళ్ళాలి. సినిమావాళ్ళ మేడలు చూడాలంటే ఫిలింనగర్ వెళ్ళాలి. సినిమా గొంతు వినాలంటే మాత్రం కృష్ణానగర్ సందుల్లోకి రావాల్సిందే!

యూసఫ్‌గూడ దాటి ఆ సందుల్లో అడుగు పెట్టండి. పొద్దున పూటైతే కంపెనీ వ్యాన్ల కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు, టీ కొట్ల దగ్గర ఆల్బమ్ చంకలో పెట్టుకున్న కుర్రాళ్ళు, కథ చెప్పుకుంటూ చేతులు తిప్పే కాబోయే దర్శకులు. సాయంత్రమైతే ఆ జనమే కర్రీ పాయింట్ల ముందు. కాస్త ఎగువన అక్కినేని నాగేశ్వరరావు గారు 1970లలో కట్టిన అన్నపూర్ణ స్టూడియో. దిగువన అమీర్‌పేట వైపు అంతకన్నా పాతదైన సారథి స్టూడియో. ఈ రెంటి నడుమ ఇరుక్కున్న పేట కాబట్టి సినిమా పని ఏదో ఒకటి ప్రతి మేడమెట్ల కిందా జరుగుతూనే వుంటుంది. కింద కర్రీ పాయింటు, పైన లేడీస్ హాస్టలు, ఆ పైన డబ్బింగ్ థియేటరు. థియేటరంటే ఏదో హాలు అనుకునేరు! రెండు గదులు. ఒక గదిలో కన్సోలూ కంప్యూటరూ, రెండో గదిలో మైకూ మనిషీ. మధ్య ఒక అద్దం.

మన సినిమాకి ఈ గదులెంత ముఖ్యమో పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. రాజశేఖర్ తెరమీద గర్జిస్తే ఆ గర్జన చాలా చిత్రాల్లో సాయికుమార్‌ది. విజయశాంతి, సౌందర్యల నోట వినబడ్డ మాటలెన్నో నటి సరితవి. 2009లో వచ్చిన 'అరుంధతి'లో సోనూసూద్‌కి వెన్నులో చలిపుట్టించే గొంతునిచ్చింది పి. రవిశంకర్. గాత్రదానం లేకపోతే సగం తెలుగు సినిమా మూగబోతుంది.

ఈ నెలలో మూడు సాయంత్రాలు నేనీ గదుల వెంట తిరిగాను. ఏ గదికి వెళ్ళినా ముందు చెప్పేది మైకు పేరే. "మా దగ్గర యూ 87 వుందండీ" అంటారు, ఇంట్లో సుమో వుందన్నంత గర్వంగా! జర్మనీ నోయ్‌మన్ కంపెనీ 1967లో బజారులోకి తెచ్చిన ఆ మైకు మహా మైకే, కాదనను. అర కిలో బరువుండే ఆ వెండి రంగు వస్తువు ముందు నిలబడితే ఊపిరి తీసుకోవడం కూడా జాగ్రత్తగా తీసుకోవాలనిపిస్తుంది. అయితే నేనడగదలచుకున్న ప్రశ్న వేరు. ఆ మైకుని దేనికి తగిలించారు? ఎలా తగిలించారు?

మైకుని స్టాండుకి నేరుగా బిగించరు. ఒక ఇనుప చట్రం, దాని మధ్య అడ్డదిడ్డంగా అల్లిన రబ్బరు తాళ్ళు, ఆ తాళ్ళ నడుమ మైకు. దీన్ని షాక్ మౌంట్ అంటారు. మన పెద్దలకి చూపిస్తే "ఇది ఉట్టి కదటయ్యా!" అనేవారు. నిజంగా ఉట్టే. పాలకుండని పిల్లికి అందకుండా ఎలా వేలాడదీస్తామో, మైకుని నేల అదురుకి అందకుండా అలా వేలాడదీస్తారన్నమాట. నేల అదిరితే స్టాండు అదురుతుంది. స్టాండు అదిరితే మైకు అదురుతుంది. మైకులో వున్న పొర వెంట్రుకకంటే పలచన. గాలి కదిలి అది కదిలినా, స్టాండు కదిలి అది కదిలినా దానికి ఒక్కటే. రెండింటినీ శబ్దంగానే రాసుకుంటుంది.

యాభై దాటిన ఒక సౌండ్ ఇంజనీరు దొరికారు. మద్రాసు వడపళనిలో టేపులు మోసే కుర్రాడిగా మొదలై, తొంభైలలో పరిశ్రమతో పాటు హైదరాబాద్ వచ్చేసిన మనిషి. "గురువుగారూ, ఉట్టి బాగుందో లేదో మాలాంటి వాళ్ళం ఎలా తెలుసుకోవాలి?" అని అడిగాను. ఆయన నా చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, మైకు గదిలోకి వెళ్ళి స్టాండు కాలిమీద వేలితో రెండుసార్లు కొట్టారు. చాలా దూరంలో ఎవరో తలుపు తట్టినట్టు వినబడింది. తర్వాత మైకుని ఉట్టిలోంచి తీసి నేరుగా స్టాండుకి బిగించి మళ్ళీ కొట్టారు. నా తలమీదే కొట్టినట్టయింది!

"అదీ సంగతి" అంటూ వచ్చి కూర్చున్నారు. "ఇప్పుడింకో చిత్రం చూడండి బాబూ. మైకుని తాళ్ళలో పెట్టగానే తన బరువుకి అది ఎంత కిందికి దిగిందో కొలవండి. అదే దాని జాతకం."

ఈ జాతకం లెక్క నాకు భలే నచ్చింది. లెక్కలంటే గిట్టనివారు కూడా ఈ ఒక్క పేరా ఓపిక పట్టండి. తాళ్ళమీద మైకు ఒక సెంటీమీటరు దిగితే, ఆ ఉట్టికి సెకనుకి సుమారు 5 సార్లు ఊగే సొంత గుణం వుంటుంది. ఒక్క మిల్లీమీటరే దిగితే ఆ ఊపు సుమారు 16. ఈ సొంత ఊపుకి దాదాపు ఒకటిన్నర రెట్లు దాటిన అదుర్లనే ఉట్టి ఆపడం మొదలుపెడుతుంది, పైకి పోయేకొద్దీ ఇంకా బాగా ఆపుతుంది. సెకనుకి 40 సార్లు అదిరే నేల అదురు వచ్చిందనుకోండి. మిల్లీమీటరు దిగిన ఉట్టి అందులో అయిదో వంతుని మైకుదాకా పోనిస్తుంది. సెంటీమీటరు దిగిన ఉట్టి అరవయ్యో వంతే పోనిస్తుంది. ఇక రబ్బరు గట్టిపడిపోయి మైకు అసలు దిగనే దిగకపోతే? ఆ ఉట్టి సొంత ఊపు ముప్ఫై దాటి, వచ్చే అదురుకి దగ్గరపడుతుంది. అప్పుడు ఆపడం మాట దేవుడెరుగు, అదురుని ఇంకాస్త పెంచి మరీ మైకుకి అందిస్తుంది. అలాంటి ఉట్టి కంటే అసలు ఉట్టి లేకపోవడమే నయం!

అందుకే ఒక మైకు ఉట్టిని ఇంకో మైకుకి వాడడం అంత తెలివైన పని కాదు. అర కిలో మైకుకని అల్లిన తాళ్ళలో పావు కిలో మైకుని పెడితే అది దిగదు. తేలిక మైకు తాళ్ళలో బరువు మైకుని పెడితే చట్రానికి తగిలి కూర్చుంటుంది. 'అన్ని మైకులకీ పనికొచ్చును' అని పెట్టెమీద రాసి అమ్మే చవక ఉట్లు ఈ పేటలో చాలా గదుల్లో చూశాను. అన్నిటికీ పనికొచ్చేది దేనికీ పూర్తిగా పనికిరాదని వాటి మీద నా అనుమానం.

ఇంతకీ ఈ అదుర్లన్నీ ఎక్కణ్ణించి వస్తాయంటారా? 2019లో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా మెట్రో రైలు మొదలయ్యాక ఈ పేట అంచునే స్తంభాలమీద రైళ్ళు తిరుగుతున్నాయి. లైనుకి బాగా దగ్గరగా వున్న ఒక గదిలో ఇంజనీరు కుర్రాడు కన్సోలు మీద సన్నగా లేచి పడే గీత చూపించి "అదిగో రైలండీ" అన్నాడు. చెవికేమీ వినబడలేదు! పెద్ద స్పీకర్లున్న సినిమా హాల్లో మాత్రం అలాంటిదే సన్నటి గురగురగా బయటపడుతుంది. రైలు సరే, అది వెళ్ళిపోతుంది. బోరు మోటారు అలాకాదు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ఆ మోటారు కూడా సెకనుకి అంతకి కాస్త తక్కువగా తిరుగుతుంది. ఆ అదురు పైపు పట్టుకుని, గోడ పట్టుకుని మూడో అంతస్తుకి ఎక్కుతుంది. లిఫ్టు వేరు. పైన హాస్టల్లో బకెట్లు జరిపే అమ్మాయిలు వేరు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఉట్టి ఆపేది స్టాండు గుండా వచ్చే అదురునే. గాలిలో వచ్చే శబ్దాన్ని ఏ ఉట్టీ ఆపదు. కిటికీకి సరైన రబ్బరు పట్టీ లేకుండా ఉట్టికి వేలు పోసిన గది కూడా చూశాను. ఆటో హారను దర్జాగా లోపలికొచ్చి కూర్చుంటోంది.

పాత రోజుల్లో ఇదంతా ఎలా వుండేదో తెలియాలంటే కొంచెం మద్రాసు వెళ్ళిరావాలి. ఇప్పుడు వడపళని వెళితే విజయా-వాహినీ స్టూడియోల ఆవరణలో ఆస్పత్రీ, పెద్ద మాలూ కనబడతాయి. ఒకప్పుడు తెలుగు సినిమా ఆ చుట్టుపక్కలే మాట్లాడ్డం నేర్చుకుంది. 1950లో వచ్చిన 'ఆహుతి' తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రం, హిందీ నుంచి వచ్చింది, మాటలు శ్రీశ్రీవి. అప్పటి పద్ధతిలో సీనుని చిన్న ముక్కలుగా కోసి, రెండు కొసలూ అతికించి, ప్రొజెక్టర్లో గుండ్రంగా తిప్పేవారు. దాన్ని 'లూపు' అనేవారు. తెరమీద అదే ముక్క మళ్ళీ మళ్ళీ వస్తుంటే, ఆ సీనులో వున్న ఆర్టిస్టులందరూ ఒకే మైకు చుట్టూ నిలబడి ఒకేసారి మాట్లాడేవారు. ఒక్కరు తడబడితే అందరూ మళ్ళీ చెప్పాల్సిందే.

ఆనాటి సినిమా టైటిల్స్‌లో 'ఆర్.సి.ఎ. సౌండ్ సిస్టమ్', 'వెస్ట్రెక్స్' అనే మాటలు చదివిన గుర్తుందా? ఆ ఆర్.సి.ఎ. వారి 44 అనే రిబ్బన్ మైకు ప్రపంచమంతా పేరుమోసింది. మూడు కిలోలు దాటిన బరువు! ఆ బరువే దానికి సగం రక్ష. బరువైన దాన్ని కదపడం కష్టం కదా. నేలకి అతుక్కుపోయినట్టుండే భారీ స్టాండ్లు, మందపాటి గోడలు, అద్దెకిచ్చేందుకు కాక సినిమాకోసమే కట్టిన హాళ్ళు. అప్పటివన్నీ గొప్పవి, ఇప్పటివన్నీ చెత్త అని నేననను. అప్పటి టేపు బుసలో చిన్న అదుర్లు వాటంతటవే మునిగిపోయేవి. ఇప్పటి డిజిటల్ రికార్డింగ్‌లో దాక్కోవడానికి చోటు లేదు. మైకులు తేలికయ్యాయి, గదులు చిన్నవయ్యాయి, వినేవాడి చెవిలో నేరుగా హెడ్‌ఫోన్ వచ్చి కూర్చుంది. ఇన్ని మారాక ఉట్టిమీద భారం పెరిగింది, దానిమీద శ్రద్ధ మాత్రం పెరగలేదు.

దీని ఖర్చు ఎవరు భరిస్తారో ఒక థియేటర్లో కళ్ళారా చూశాను. పేరెందుకు లెండి. అందులో మంచి మైకే వుంది. ఉట్టికి మాత్రం రెండు తాళ్ళు తెగిపోతే, టైలరు దగ్గర దొరికే నడుము ఎలాస్టిక్ కట్టి లాగించేస్తున్నారు. టైలరు ఎలాస్టిక్ నేరమేమీ కాదు, సరిగ్గా కడితే పనిచేస్తుంది కూడా. కానీ వీళ్ళు మైకు వేలాడకూడదని బిగలాగి కట్టారు. ఆ రోజు సీను కొడుకు శవంమీద పడి తల్లి ఏడవడం. నలభై అయిదేళ్ళ డబ్బింగ్ ఆర్టిస్టు ఒకావిడ వచ్చారు. మొదటి టేకులో ఆవిడ ఎత్తుకున్న ఎత్తుకి నాకు గొంతు పట్టేసింది. ఏడుపు మధ్యలో అరికాలు నేలకేసి కొడుతున్నారు. ఎవరూ చెప్పలేదు, ఆ ఏడుపు అలా వచ్చింది.

అద్దం ఇవతల ఇంజనీరు మొహం మాడిపోయింది. ప్రతి అడుగుకీ స్పీకర్లో 'ధబ్' మంటోంది. "అక్కా, చాలా బాగా చేశారు. ఇంకొక్కటి, కాలు కదపకుండా" అన్నాడు. రెండోది. ఈసారి కాలు ఆపారు గానీ చెయ్యి తొడమీద పడింది. మూడోది. నాలుగోదానికి ఆవిడ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కాళ్ళు బిగించి ఏడ్చారు. శుభ్రంగా వచ్చింది. 'ధబ్' లేదు. మొదటి టేకులో వున్నది కూడా లేదు. "ఓకే అక్కా" అన్నారు. ఆవిడ ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు తాగుతూ "మొదటిది వాడొచ్చేమో చూడు నాయనా" అని ఒక్కసారే అడిగారు.

వాడొచ్చా? ఇంజనీరు ప్రయత్నించాడు, పాపం. 80 హెర్ట్జ్‌కి కింద వున్నదంతా కోసేసే ఫిల్టరు వుంటుంది. మగవారి మామూలు మాట 85 నుంచి మొదలవుతుంది, ఆడవారిది ఇంచుమించు 165 నుంచి. కాబట్టి 80 దాకా కోస్తే గొంతుకేం నష్టం లేదు. అయితే అడుగు దెబ్బ 80 దగ్గర ఆగమంటే ఆగదు కదా, పైదాకా పాకుతుంది. దాన్ని వదిలించుకోవాలని 150, 200 దాకా కోసేసరికి తల్లి గుండెలోంచి వచ్చిన ఏడుపు టెలిఫోనులోంచి వచ్చినట్టయింది. రెండు తాళ్ళ ఖరీదు నాలుగు ఏడుపులు. ఆ ఆర్టిస్టుకి డబ్బులు ఎన్నిసార్లు ఏడ్చిందని కాదుగా ఇచ్చేది!

ఉట్టి బాగున్నా దాన్ని మోసంచేసే దొంగదారి ఒకటుంది. అది కేబులు. మందపాటి కేబులుని బిగుతుగా లాగి స్టాండుకి కట్టేస్తే, అదురు రబ్బరు తాళ్ళని పట్టించుకోకుండా కేబులు మీదుగా నేరుగా మైకులోకి నడిచిపోతుంది. మైకు దగ్గర కేబులుని కాస్త వదులుగా ఒక మెలిక తిప్పి అప్పుడు స్టాండుకి కట్టాలి. దీనికి పైసా ఖర్చులేదు. నేను చూసిన తొమ్మిది గదుల్లో నాలుగింట్లో ఆ మెలిక లేదు.

ఇంకో సంగతి చాలామంది ఉట్టితో కలిపి ఆలోచించరు. మైకు నిలబడ్డ చోటు. సోమవారం చెప్పిన డైలాగులో ఒక్క మాట మార్చాలని గురువారం పిలుస్తారు. మైకు పదిహేను సెంటీమీటర్ల నుంచి ముప్ఫైకి పోయిందా, నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ పడిపోతుంది. దాన్ని పెంచి సరిచేస్తే గది ధ్వని కూడా వెంట పెరుగుతుంది. అతికించిన మాట హాల్లో అతుకులాగే వినబడుతుంది. స్టాండు మర అరిగిపోయి, అడ్డచెయ్యి గంటలో నాలుగు వేళ్ళు కిందికి జారే గదులున్నాయి. జారుతోందని ఎవరికీ తెలియదు, సీను మొదట్లో ఒక హీరో, చివర్లో ఇంకో హీరో మాట్లాడినట్టుంటుంది! పద్ధతిగల ఇంజనీర్లు నేలమీద రంగు టేపుతో ఆర్టిస్టు పాదాల గుర్తు, స్టాండు మీద ఎత్తు గుర్తు పెడతారు. మూడు కాళ్ళమీద ఇసుక సంచి వేస్తారు. డైలాగు కాగితాలు పెట్టుకునే రేకు స్టాండుకి దుప్పటి చుడతారు. ఎందుకంటే నోటినుంచి రేకుకి కొట్టుకుని మైకుకి వచ్చే మాట, నేరుగా వచ్చే మాటకంటే 34 సెంటీమీటర్లు ఎక్కువ నడిస్తే వెయ్యో వంతు సెకను ఆలస్యంగా చేరుతుంది. ఆ రెండూ కలిసి 500, 1500, 2500 హెర్ట్జ్‌ల దగ్గర గొంతులో గుంటలు పెడతాయి. డబ్బాలో మాట్లాడినట్టుంది అంటామే, అది ఇదే.

రబ్బరు ఆయుష్షు గురించి కూడా రెండు మాటలు. హైదరాబాద్ ఎండాకాలం, బుకింగ్ లేని రోజుల్లో కరెంటు బిల్లుకి భయపడి ఆపేసిన ఏసీ, మూసిన గది. రబ్బరు ఎండి పగుళ్ళిస్తుంది, లేదా సాగి వూరుకుంటుంది. మా పెద్ద ఇంజనీరు గారు ఏటా ఉగాదికి తాళ్ళు మార్చేస్తారట, తెగినా తెగకపోయినా. "పండక్కి కొత్త బట్టలు దానిక్కూడా" అన్నారు నవ్వుతూ.

ఇప్పుడు డబ్బింగు కృష్ణానగర్ దాటి ఇళ్ళల్లోకి కూడా వెళ్ళింది. 2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి థియేటర్లు మూతపడ్డప్పుడు చాలామంది గాత్రకళాకారులు బట్టల బీరువాల్లో, పరుపుల మధ్య మైకు పెట్టుకుని పనిచేశారు. ఆ అలవాటు కొందరికి నిలబడిపోయింది. ఓటీటీ సీరియళ్ళూ, ప్రకటనలూ ఇంటినుంచే చెప్పి పంపుతున్నారు. ఇంట్లో మైకు సాధారణంగా బల్లకి బిగించి వుంటుంది. అదే బల్లమీద లాప్‌టాప్, దాని ఫ్యాను, కాగితాలు, మోచేతులు. ఉట్టికి ఇంతకంటే పరీక్ష ఏముంటుంది?

రహమత్‌నగర్‌లో ఒక అమ్మాయి గదికి తీసుకెళ్ళారు. మూడేళ్ళుగా చిన్న పాత్రలకి చెబుతోంది. మైకు బల్లమీద లేదు. నేలమీద స్టాండు, దాని కింద పాత యోగా చాప నాలుగు మడతలు, మూడు కాళ్ళమీద కిలో బియ్యం సంచులు. ఉట్టికి సవరం కట్టుకునే రబ్బరు బ్యాండ్లు, మైకు ఒక సెంటీమీటరు చక్కగా దిగి వుంది. కేబులుకి జడ రిబ్బనుతో కట్టిన మెలిక! ఎవరు నేర్పారమ్మా అంటే, పెద్ద ఇంజనీరు గారి పేరే చెప్పింది. ఫ్రిజ్ ఆపేసి, రాత్రి పదకొండు దాటాక పని మొదలుపెడుతుందట. కింద వాటా ఓనరుగారితో ఒప్పందం వుంది. నేనున్నప్పుడే కిందికి వెళ్ళి గుర్తు చేసొచ్చింది.

"ఆంటీ, ఇవ్వాళ పదకొండు దాటాక మోటారు వెయ్యకండి. రికార్డింగుంది."

"అలాగేలేమ్మా. ఇంతకీ ఈసారి ఏ హీరోయిన్‌కి?"

"హీరోయిన్‌కి కాదాంటీ, హీరోయిన్ చెల్లెలికి."

"పోన్లే, వచ్చేసారికి అక్క అవుతావులే" అంటూ ఆవిడ సాయంత్రమే మోటారు వేసి ట్యాంకు నింపేశారు.